సాక్షి నంబరు పదిహేడు

మనామాల బయట ఎండ యాభై దాటినా
ఈ గదిల పద్దెనిమిదే.
చలి కాయిదాలకు, మనుషులకు గాదు.
లోపల స్వెట్టరు తొడుక్కుంట,
పొద్దుమీకి బస్సు కాడ అంగీ పిండుకుంట.

అట్టపెట్టెలు దించుడు, దారాలు ఇప్పుడు,
తుప్పు పట్టిన పిన్నులు పీకుడు నా పని.
మా అమ్మ తునికాకు కత్తిరించినట్టు
మెల్లగ, అంచు చినగకుండ.
పిన్నులన్నీ ఒక డబ్బాల ఏస్త.
ఎవ్వరూ అడగరు, పారెయ్య బుద్ధిగాదు.

రెండు వందల పద్నాలుగో పెట్టె.
ఏడాది రాసిన మూలను పురుగు తిన్నది.
బదరియా మేడం చెప్పింది:
ముత్యాల పడవల అప్పుల మీద
సభ ఏసిన కమిటీ ఇది.
తండ్రి మునిగి సచ్చిపోతే
బాకీ కొడుకు మీదికి తేలుతుండెనట.

మా తాత సేత్‌సింధి.
పాత పహాణీలు ముందట పెట్టి
నా ఏలు పట్టి అలిఫ్ బే దిద్దిచ్చిండు.
అందుకే ఈ అరబ్బీ నా నోట్ల పలుకుతది,
అర్థం మాత్రం అందది.
గొళ్లెం తీసుడొస్తది,
ఇంట్లకు పోవుడు రాదు.

ఆ పెట్టెలనే దొరికింది ఆ ముద్ర.
నీలిరంగు బొటనవేలు, గీతల్లెవ్వు.
పడవ మీద తాడు గుంజి గుంజి
నున్నగైన ఏలు.
నేనొచ్చినప్పుడు ఎయిర్‌పోర్టు మిషను
సిమెంటు తిన్న నా ఏళ్లను మూడుసార్లు ఒద్దన్నది.
నాలుగోసారి ఆఫీసరు
నా ఏలు తన పాయింటుకు తుడిచి పెట్టిండు.

నేనూ ఒక కమిటీకి చెప్పిన.
సల్మాబాద్ క్యాంపుకు మనోళ్లొచ్చిండ్రు,
ఏసీ బస్సు, నీళ్ల సీసాలు, నెత్తిన రుమాళ్లు.
మనిషికి మూడు నిమిషాలు.
నేను సాక్షి నంబరు పదిహేడు.
ఏజెంటుకు కట్టిన లక్షా అరవై చెప్పిన,
నాలుగు నెలల జీతం చెప్పిన,
గోడ మీదికెల్లి పడ్డ మామిండ్ల నర్సయ్య
ఇరవై ఆరు రోజులు మార్చురీల ఉన్నడని,
వాని చెప్పులు ఇంకా నా మంచం కిందనే ఉన్నయని చెప్పిన.

గుమాస్తా సంతకానికి కాయిదం తిప్పిండు. సదివిన.
"సాక్షి 17 జీతపు జాప్యము గూర్చి తెలిపినారు."
మరి నర్సయ్య, సార్?
"అది మన విచారణాంశం గాదయ్యా."
పద్దెనిమిదో నంబరాయన నా ఎనక దగ్గుతున్నడు.
సంతకం పెట్టిన.

హైదరాబాదుల ఏ బీరువాలనో
నా లైను ఉండే ఉంటది.
దానికీ ఒక పిన్ను ఉంటది.
తుప్పు పడుతుంటది.

ఈ నున్నటి ఏలాయన కాయిదానికి
పక్కన అంచు మీద చీమలోలె
ఇంకేదో రాసి ఉన్నది, అడ్డంగ.
కూడబలుక్కొని పలికిన, తెలువలే.
మేడంకు చూపిచ్చిన.
కళ్లద్దాలు నెత్తి మీదికి జరిపి
చానాసేపు చూసింది.

"వాళ్లడిగింది అప్పెంతని.
లేసి పోతూ తలుపు కాడ అన్నడట,
గుమాస్తా రాసుకున్నడు:
*తమ్ముడు పైకి రాలే.
తాడు నా చేతులనే ఉండె.*"

ఇద్దరం కొంచెంసేపు ఏం మాట్లాడలే.
ఏసీ మోగుతుండె.
ఆ గుమాస్తాకు పేరుండెనో లేదో,
పై అధికారి తిట్టిండో ఏమో.

స్కానరు పచ్చగీత
అంచును వదిలేసి ఆగుతది,
కంపెనీ పెట్టిన కొలత అది.
రెండేళ్ల మందం ఇవతలికి గుంజిన.
మిషను తెర మీద ఎర్రగ అడిగింది:
సైజు సరిగ లేదు, అయినా తియ్యాల్నా?

తియ్యి, అన్న తెలుగుల.
మీట నొక్కిన.