ఏడో ముద్దాయి

కిరాణం వీరస్వామి చెప్పిండు మొదలు,
తక్కెట్ల చక్కెర పోసుకుంట, తల లేపకుంట:
"సారక్కా, నీ పాత ఇంటి కాడికి ఠాణా మనిషి వచ్చిండంట.
నీ పేరు మీద వారెంటున్నదంట."
పావుకిలో పొట్లం చేతిల వెట్టిండు.
ఖాతా బుక్కు మాత్రం ఆ పూట తియ్యలే,
నగదే తీసుకున్నడు.

ఎనిమిదేండ్ల కింద ఎనుమాముల మార్కెట్ల
మిర్చి రేటు పొద్దటికీ మాపటికీ సగమైన దినం
ఎవరో ఆఫీసు అద్దాలు పలగ్గొట్టిన్రు.
నేను అద్దం పెంకులూ మిర్చీ ఒక్క కుప్ప జేసి ఊడుస్తున్న.
ఫొటోల నా చీపురు కర్ర అయ్యింది.
పదకొండు మందిల నేను ఏడోదాన్ని.
ఏ-సెవెన్.

పిలిస్తే లేసి నిలవడుడు,
తారీఖు రాసుకునుడు, బస్సెక్కుడు.
మొన్నటి మాఘంల ఒక్క వాయిదా తప్పింది.
యార్డుకు తేజ వచ్చె, చపాటా వచ్చె,
బస్తాల మీద బస్తాలు.
ఒక దిక్కు దినం కూలి, ఒక దిక్కు కోర్టు.
కాంటా ఎటు మొగ్గుతదో మీకు తెల్వదా.

ఇగ ఆనాటి సంది
ఖాకీ రంగు కండ్లవడితే కాళ్లల్ల వణుకు.
కండక్టరును చూసి బస్సు దిగిన ఒకపాలి.
పోస్టాయన బెల్లు కొడితే
బియ్యం డబ్బా ఎనుక కూసున్న.
ఒక తెల్లారగట్ల అనిపించింది,
వాండ్లు నన్ను ఎతుకుడు సరే,
నేనే ఆ కాయితాన్ని ఎతికితే ఏమాయె?

చెల్లె బిడ్డ రవళి ఫోన్ల కేసు నంబరు కొట్టింది.
చక్రం తిరిగింది, తిరిగింది.
ఉన్నది. వారెంటు పెండింగు.
మేకల శారమ్మ, భర్త ఓదెలు.
"పేరు తప్పు రాసిన్రు గద, నేను గాదంటే?"
రవళి నవ్వలే.
"పెదబాపు పేరు సక్కగనే ఉన్నది పెద్దమ్మా."
ఓదెలు సచ్చి ఆరేండ్లాయె.
కాయితంల నాకు ఇంకా మొగడున్నడు.

అదాలత్ కాడ జిరాక్స్ సెంటర్ పక్క
వకీలు హఫీజా మేడం చాయ చల్లార్చుకుంట చెప్పింది:
"వాండ్లు పట్టుకపోతే ఒక తీరు,
నువ్వే నడిచొస్తే ఇంకో తీరు.
రీకాల్ పిటిషన్ ఏద్దాం. ఆధార్ తే, పదింటికల్ల రా."
రీకాల్.
మా యార్డుల దాన్ని వాపసంటం.
తేమ ఎక్కువున్న బస్తా వాపసు.

బంట్రోతు మూడుసార్లు పిలుస్తడు.
నేను మొదటి పిలుపుకే లేసిన.
"ఎందుకు రాలేదమ్మా?"
పాణం బాగలేదని చెప్పుమని నేర్పింది మేడం.
నాలిక మీదికి అది రాలే.
"మిర్చి వచ్చింది సారూ" అన్న.
ఎనుక బల్లల మీద ఎవరో నవ్విన్రు.
చెమట తుడుసుకోవోతే చెయ్యి కంటికి తాకింది.
రాత్రి రెండు దాక తొడిమెలు తీసిన చెయ్యి,
సబ్బుకు పోదు, కొబ్బరినూనెకు పోదు ఆ కారం.
కండ్లు బొటబొట కారవట్టె.
జడ్జి సారు కలం ఆపిండు. నీళ్లియ్యమన్నడు.
ఐదొందలు రాయవోయిన చెయ్యి
రెండొందలు రాసింది జుర్మానా.
ఏడుస్తలేనని చెప్పాల్నా?
నోట్లెకు వచ్చింది. మింగిన.
అవన్నీ మిర్చి నీళ్లేనని
ఒట్టు వెట్టి చెప్పలేను గూడ.

"అయిపోలే" అన్నది మేడం మెట్లు దిగుకుంట,
"కోర్టు మర్చినా ఠాణా లిస్టు జల్ది మర్వదు.
ఈ నకలు ఒంటి మీద ఉండాలె."

ఇరవై దినాలకు వచ్చిండు కొత్త కానిస్టేబులు,
పాత లిస్టుతోని, యార్డు గేటు కాడికి.
"మేకల శారమ్మ ఎవరు?"
నలుగురి ముందల కొంగు ముడి ఇప్పిన.
కాయితం మొకం కాడికి తెచ్చుకొని చదువవట్టిండు.
ఒక తుమ్ము. ఇంకో తుమ్ము.
సంతకం దంక రానే లేదు,
కాయితం నాకిచ్చి బండెక్కిండు.

వచ్చే వాయిదా పన్నెండో తారీఖు, బేస్తారం.
గోడ మీద బొగ్గుతోని రాసిన.
పోత. లేసి నిలవడుత.
ఎనిమిదేండ్లాయె,
ఆ చీపురు సంగతి మాత్రం
ఇంకా ఎవరూ అడగలే.