నాలుగింటి కాలువ

మూడేళ్లుగా వెతుకుతున్నాను
సాయంత్రం నాలుగింటప్పుడు
బందరు కాలువకుండే రంగు.
ఆకుపచ్చ కాదు, మట్టి కాదు,
చింతపండు పిసికి వదిలేసిన నీళ్లలా...
ఊహూఁ, అదీ కాదు.

కరెంటు బిల్లుల వెనక రాసుకుంటాను:
రథం సెంటర్లో ఎండకి వెలిసిన గొడుగు.
బ్యారేజీ గేటు తుప్పు, తడిసినప్పుడు.
మెస్సు కోటమ్మగారి పెనం అడుగు.
రంగులకి నేను పెట్టుకున్న పేర్లు,
ఏ దుకాణంలో అడిగినా నవ్వుతారు.

నెలాఖరుకి ఆటోనగర్ వెళ్తాను.
లారీ బాడీలకి రంగులేసే ఖాజావలి
డబ్బాల అడుగున మిగిలింది నాకు వంచుతాడు.
డబ్బులడగడు.
"ఇంతకీ ఏం వేస్తున్నావమ్మాయ్?"
"కాలువ."
"ఇంకా అదేనా!"

ఆ రోజు కలిపిన నీలం సరిచూసుకుందామంటే
చేతిలో కాగితం లేదు.
పక్కనే ఆగున్న లారీ వెనక తలుపుకి, లోపలివైపు,
జానెడు మేర పూశాను.
పచ్చిగా ఉంది, గొంతు పెద్దది.
తుడిచేలోపే డ్రైవరు బండి తీశాడు.

శ్రావణం పోయింది, కార్తీకం పోయింది.
గదిలో గోడకి ఆనించిన పదకొండు కాలువల్లో
ఒక్కటీ పారలేదు.

మొన్న ఖాజావలి ఫోను:
"నీ లారీ వచ్చింది, రా."
తలుపు దించాడు.
ఆ జానెడు నీలమూ గీరుకుపోయి, మసకబారి,
అక్కడక్కడా ఎర్రటి దుమ్ము ఇంకి
సాయంత్రం నాలుగైంది.

ఏం చేశారు దీన్ని, అన్నాను.
క్లీనరు కుర్రాడు తుమ్మి, ముక్కు తుడుచుకుని,
"మేమేం చెయ్యలేదండీ.
గుంటూరు మిరపకాయ టిక్కీలు.
ముప్పై ట్రిప్పులు."