లైన్ అకౌంట్

నా పెన్సిల్ డబ్బాలో ఒక ప్లాస్టిక్ స్కేలుంది.
మూడుకీ ఏడుకీ మధ్య అంకెలు అరిగిపోయాయి.
భీమిలి వార్తలన్నీ అక్కడే ఎక్కడో ఆగిపోయేవి మరి,
గోరు గుచ్చి, కొలత రాసుకునేదాన్ని.

పదమూడేళ్లు కంట్రిబ్యూటర్ని.
నెలాఖరున కత్తిరింపులన్నీ పాత క్యాలెండర్ వెనక అంటించి
కొలిచి, కూడి,
సెంటీమీటరుకింత అని జిల్లా ఆఫీసుకి పంపాలి.
జీతం కాదది. లైన్ అకౌంట్.
మా అత్త అడిగేది,
"ఈ నెల ఎంత పొడుగొచ్చిందే?"

ఇప్పుడు నలభై ఒకటో ఏట
మీడియా మేనేజ్‌మెంట్, పీజీ, రెండో సెమిస్టరు.
సిరిపురంలో దిగి ఎండలో నడిచొస్తానని
ఫ్యాను కింద కుర్చీ నాకే వదిలేస్తారు పిల్లలు.
నా కొడుకు కంటే రెండేళ్లు పెద్దవాళ్లు, అంతే.
అక్కా అంటారు.

బుధవారం గుమ్మలూరి మాస్టారు తెర మీద ఒక పట్టిక వేశారు.
కేస్ స్టడీ: ఒక ప్రాంతీయ దినపత్రిక, ఖర్చుల సవరణ.
పేరు చెప్పలేదు.
మా పేపరుని నేను పేరు పెట్టి గుర్తుపట్టాలా?
"జోన్ పేజీలు పన్నెండు నుంచి నాలుగుకి.
మండల స్థాయి సిబ్బంది యాభై మూడు నుంచి సున్నాకి."
ఆనందపురం అప్పలకొండ,
పద్మనాభం సన్యాసిరావు,
తగరపువలసలో ఆ నత్తి కుర్రాడు,
వేళ్ల మీద లెక్కపెడుతున్నాను
నేను ఎన్నోదాన్నో తేలకముందే
స్లైడు మారిపోయింది.

తర్వాత ప్రకటనల టారిఫ్.
చదరపు సెంటీమీటరు ధర బోర్డు మీద వేస్తుంటే
చాక్‌పీసు విరిగింది.
అప్పుడు తెలిసింది నాకు,
గరికిన నూకరాజు తెప్ప తిరగబడిన రోజు
పదకొండు లైన్లు పంపితే నాలుగే ఎందుకొచ్చాయో.
కింద పావు పేజీ నగల దుకాణం.
పోయిన ఏడింట్లో ఏముందంటే
తెప్పకి ముందురోజే రంగేశాడని,
అతను అల్లిన వలలో ముడి కనబడదని.
ఇన్నేళ్లూ డెస్కులో సనపల గారిని తిట్టుకున్నాను.
ఆయనేం చేస్తాడు, రేటు కార్డు ముందు.

ఇంటర్నల్ పరీక్షలో అదే అడిగారు.
"పై నిర్ణయాన్ని యాజమాన్యం వైపు నుంచి సమర్థించండి. పదిహేను మార్కులు."
సమర్థించాను.
న్యూస్‌ప్రింట్ ధర, వ్యాన్ల డీజిలు,
పాఠకులు ఫోన్లోకి మకాం మార్చడం,
అన్నీ వరసగా, కింద గీతలు కొట్టి.
యాభై మూడు అని రాసేటప్పుడు చెయ్యి కూడా ఆగలేదు.
పదమూడున్నర వచ్చాయి.
క్లాసులో నావే ఎక్కువ.

ఆ సాయంత్రం భీమిలి బస్సులో
రుషికొండ దాటాక సముద్రం కాసేపు కనబడి, కాసేపు మాయమై.
మంగమారిపేటలో నూకరాజు పెళ్లాం పోలమ్మ
ఎండుచేపల గంపతో ఎక్కింది.
"సదువైపోనాదేటమ్మా?"
ఇంకో ఏడాది ఉందన్నాను.
ఆ నాలుగు లైన్లూ ఆవిడ లామినేషన్ చేయించింది.
పరిహారం ఫైలుకి పేపరు ముక్క కావాలన్నారట,
రెండు ఆఫీసుల్లో పొమ్మన్నారు,
మూడోచోట ఆ ముక్క చూసి కూర్చోమన్నారు.
ఇప్పుడది బియ్యం డబ్బాలో,
పురుగు పట్టదని.

ఇది ఏ పద్దులో వెయ్యాలో
మర్నాడు మాస్టారిని అడిగాను.
ఆదాయమా? బ్రాండ్ విలువా?
ఆయన టీ గ్లాసు కింద పెట్టి
"సిలబస్‌లో లేదమ్మా" అన్నారు.
ఈగని తోలి, మళ్లీ,
"ఉండుంటే నేనూ చదివేవాణ్ణి."

హర్షిణి గ్రాఫు గియ్యడానికి నా స్కేలు తీసుకుంది.
నష్టం ఆగి లాభం మొదలయ్యే చోట చుక్క పెట్టాలట.
"అక్కా, ఇందులో ఐదెక్కడ?"
తడిమి చూడమన్నాను.
కొంచెం గుంట తగులుతుంది.