రెండో నంబరు

ముసఫా క్యాంపుల శుక్రవారం పొద్దుగాల
కింది మంచం మీద కోడం లచ్చయ్య
సూదిల దారం ఎక్కిస్తుండు.

వెల్డింగు రవ్వలు మేసిన నా కవరాల్ మోకాలు
ఆయన ఒడిల పండుకుంది.

"పారెయ్" అన్నడు ఫోర్‌మన్.
లచ్చయ్య ఇననట్టే
పాత లుంగీ అంచులకెల్లి పోగులు గుంజిండు.
ముందుగాల నిలువు, ఎన్క అడ్డం,
ఒకటి మీదికెల్లి, ఒకటి కిందికెల్లి.
సిరిసిల్లల సాంచెలు తుక్కుకు పోయినంక
గిన్నేండ్లకు
ఆయన ఏళ్లల్ల మళ్ల పడుగు, పేక.

మోచేతికి పోగులు సాలలే.
ఊరికి మర్లిపోయిన నర్సింలు అంగీ జేబు కోసి అతికిండు,
వాని నంబరుతోని సహా.

శనివారం గేటు కాడ వాచ్‌మన్
నా ఛాతి సూసిండు, మోచెయ్యి సూసిండు.
"ఇద్దర్ల నువ్వెవ్వనివి?"

"ఇద్దరం పనికొచ్చినం సాబ్."