పైగుండీ

గేటు పక్క బోర్డు నేనే తగిలించాను.
ఏవో గారు స్టూలు పట్టుకుంటే మేకు కొట్టాను.
"తల్లిదండ్రులకు మనవి:
నైటీలతో, లుంగీలతో, బర్ముడాలతో
ఆవరణలోకి రావద్దు."
కింద ధన్యవాదాలు కూడా ఉంది.

కొరిటెపాడులో మా వీధి ఇరుకు.
నైటీ మీద చున్నీ వేసుకున్న అమ్మలు
క్యారేజీలు ఊచల్లోంచే అందిస్తారు.
చున్నీ వేస్తే ఇక అది నైటీ కాదని ఒకావిడ వాదన.
నిజానికి నాదీ అదే మాట,
మా ఇంటిది అలాగే పాలకెళ్తుంది.
"బోర్డులో చున్నీ సంగతి రాయలేదమ్మా" అంటాను.
చదువుకున్నవాళ్ళతో అంతకంటే ఏం వాదిస్తాం.

నా నీలం చొక్కా ఏజెన్సీది.
నాకు ముందు చేసినాయన భారీ మనిషి.
భుజాల పట్టీలు మోచేతుల కేసి జారుతుంటాయి,
టోపీ నిలవడానికి లోపల కాగితం మడిచి పెడతాను.
ఇది ఒంటి మీద ఉన్నంతసేపు సెక్యూరిటీని.
విప్పి లుంగీ చుట్టుకుంటే బాజీని.
ఆ బాజీని నా బోర్డు లోపలికి రానివ్వదు.

జూన్ మొదలు నా పని చూడ్డమే.
బెల్టు, టై, నల్లబూట్లు, శనివారమైతే తెల్లవి.
రిబ్బన్లు నీలం. ఎరుపు కాదు.
పైగుండీ.
గుండీ లేనివాడు ప్రార్థన అయ్యేదాకా
గోడవారగా నిలబడాలి.

ఏసోబుని అలా మూడుసార్లు నిలబెట్టాను.
తొమ్మిది, బి సెక్షను.
"కుట్టించుకోరా" అంటే
"అమ్మ కుట్టింది, మళ్ళీ ఊడింది" అనేవాడు.
దసరా సెలవులయ్యాక రాలేదు.
ఫీజన్నారు, ఇంకేదో అన్నారు.
గేటు దగ్గరివాడికి అన్నీ చెప్పరు.

నిరుడు మార్చి. ఒంటిపూట బడి.
కెజియాకి జ్వరమని తల్లికి ఫోన్ చేయించారు.
షేర్ ఆటో దిగి పరుగున వచ్చింది దీనమ్మ,
యార్డులో తొడిమలు తీస్తున్నది తీస్తున్నట్టే లేచి.
తలకు తువ్వాలు,
ముక్కుకు కట్టిన గుడ్డ మెడలోకి జారి,
చీర మీద మగచొక్కా, చేతులు మణికట్టు దాకా.
ఆ కొలువుకి అదే బట్ట.
అది లేకుండా మిరపకాయల్లో కూచుంటే
రాత్రి చేతులు బకెట్లో పెట్టుకుని తెల్లవార్చాలి.

గడియ తనే తీసుకుని వచ్చేసింది.

ఏవో గారు మెట్ల మీద నుంచి అన్నారు:
"ఇలా ఎలా వస్తారండీ? పిల్లలు చూస్తారు."

ఆవిడ తన్ను తాను చూసుకుంది.
చొక్కా విప్పబోయి
లోపలి జాకెట్టు చిరుగు గుర్తొచ్చి కాబోలు, ఆగింది.

అప్పుడు కనపడింది నాకు జేబు.
దారాలు లేచినా పోలేదు గుర్తు:
దీపం, పుస్తకం, కింద మా బడి పేరు సగం.
పైగుండీ చోట పిన్నీసు.

బోర్డు కేసి తిరిగి మళ్ళీ చదివాను.
నైటీ కాదు.
లుంగీ కాదు.
"యూనిఫాంలోనే ఉన్నారు సార్" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నవ్వించాలని అనలేదు నేను.
ఏవో గారు ఫోను చూసుకుంటూ లోపలికి పోయారు.

పిల్ల వచ్చి తల్లి భుజం మీద వాలబోయింది.
"వద్దే, కళ్ళు మండుతాయి" అని
మోచేతులతోనే దగ్గరికి లాక్కుంది దీనమ్మ.
ఆటో దాకా సంచి నేను మోశాను.

"ఏసోబు?"
"కోల్డ్ స్టోరేజీలో బాబూ. టిక్కీలు మోస్తాడు.
ఆ చలికి రెండు చొక్కాలేసుకుంటాడు, ఒకదాని మీద ఒకటి.
గుండీలు ఎవరూ అడగరు."

ఆటో పోయింది.
గేటు మూసి కుర్చీలో కూచున్నాను.
నాలుగు తుమ్ములు. టోపీ కింద పడితే తీయలేదు.
గడియ వేసిన చేత్తోనే కన్ను నలుపుకున్నాను,
తప్పు నాదే.

అడిగినవాళ్ళకి ఇదే చెప్పాను.