బెన్సివా బార

మంగళవారం అపామ్‌లో సముద్రానికి సెలవు.
పడవలు ఇసుకకు పొట్టలు ఆనించి పడుకున్నాయి.
అందుకే మీటింగు ఆ రోజు పెట్టుకున్నాం.

చేపలకు పొగబెట్టే శాల ఒకటి కట్టాలి.
అక్రా నుంచి వచ్చిన ఆర్కిటెక్టు ఒకైజా
బూట్లు విప్పి చేత పట్టుకున్నాడు.
నేను రాసుకునేదాన్ని. ఒళ్ళో ఇరవై రెండు గళ్ళ ఫారం.
వాడేవాళ్ళెందరు, విస్తీర్ణమెంత, ఖర్చెంత?
ఆఫీసులో ఎవరో అన్నిటికీ ముందే
పెన్సిలుతో జవాబులు నింపి పంపారు:
పొయ్యిలు నలభై. నేలకు టైల్స్.
మేడ మీద మేనేజరు గది, అద్దాల కిటికీ.

చదివి వినిపించాను.
చేపలమ్మే ఆడవాళ్ళకు పెద్దదిక్కు ఎకువా బెన్సివా
అంతా విని, పక్కకు తుపుక్కున ఉమ్మి,
గడ్డంతో దూరంగా చూపించింది.
తెల్లగోడల కట్టడం ఒకటి, తలుపుల్లేవు.
"అది ఐసు గిడ్డంగి. నా మూడో మనవరాలు పుట్టిన ఏడు కట్టారు.
మమ్మల్నెవరూ అడగలేదు.
మేకల్ని అడిగినట్టున్నారు,
వాటికి బాగా నచ్చింది."

అందరూ నవ్వారు. ఒకైజా నవ్వలేదు.
జేబులోంచి రబ్బరు తీసి నా చేతికిచ్చాడు.

ఇక మొదలైంది,
ఒకరి తర్వాత ఒకరు కాదు, ఒక్క గుక్కలో అందరూ.
టైల్స్ వద్దు, చేపనూనె పడితే నడుం విరుగుతుంది.
కట్టెలు తడవకూడదు, జూన్ వాన ఏటవాలుగా కొడుతుంది.
పొగ మా కళ్ళలోకి రాకూడదు.
అలాగని అటు తోలకండి, అటు బడి ఉంది.
అరబా క్వాంసా వీపున కట్టుకున్న బిడ్డను చూపి
"వీడు పడుకునే చోటు రాసుకో," అంది,
"మంటకు దూరంగా, నా కంటికి దగ్గరగా."
ఏ గడిలో రాయాలో తెలియక అంచున రాశాను.

ఒక ముసలామె, పేరు చెప్పలేదు,
పోట్లాడుకోవడానికి చోటేదీ అని అడిగింది.
ఇక్కడ అరిస్తేనే ధర తెగుతుంది.
గుసగుసల్లో బేరం జరిగితే
పడవవాడైనా మునుగుతాడు, మేమైనా మునుగుతాం.
రాశాను: తగువుల చోటు, పన్నెండు చదరపు మీటర్లు,
కప్పు ఉండాలి, గోడ ఉండకూడదు.

"పొయ్యికీ పొయ్యికీ మధ్య ఎంత?" అన్నాడు ఒకైజా.
పుస్తకంలో మీటరని ఉంది.
బెన్సివా లేచి, నడుముకు చుట్టిన గుడ్డ బిగించి,
రెండు చేతులూ బార్లా చాపింది.
"జల్లెడ దించి తిప్పాలంటే ఇంత. తగ్గిస్తే ఇదిగో,"
మోచేతి మీద కాలిన మచ్చ,
చేపపొట్టలా నున్నగా, తెల్లగా.
టేపు ఈ వేలికొస నుంచి ఆ వేలికొసకు పాకింది.
ఒక మీటరు అరవై మూడు.
ఆమె చేతులు దించలేదు.
"మళ్ళీ కొలువు. ఇందాక ఊపిరి బిగపట్టాను."
అరవై నాలుగు.

అక్కడే లెక్క తిరగబడింది.
ఆ బారతో నలభై పట్టవు, ఇరవై ఆరే పడతాయి.
అంటే పద్నాలుగు మంది బయట.
ఎవరూ మాట్లాడలేదు,
పోట్లాటకు చోటు అడిగిన ఆమె కూడా.

చాలాసేపటికి బెన్సివా
"ఆ మేనేజరు ఎక్కడైనా కూర్చుంటాడులే," అంది.
మేడ చెరిపాను. మెట్లు చెరిపాను. అద్దాల కిటికీ చెరిపాను.
ఆ డబ్బుతో కప్పు కాస్త సాగింది, ఆరు పొయ్యిలు వచ్చాయి.
ముప్పై రెండు.
ఇంకా ఎనిమిది.

రాత్రి బస్సులో ఫారం పొగవాసన కొడుతోంది.
రబ్బరు గోరంత మిగిలింది. కొత్తది రెండు సెడీలు.
గిడ్డంగిని చెరపడానికి ఎంతవుతుందో
మేకల్ని అడగాలి.

విన్నెబా దాటాక ఒకైజా కళ్ళు తెరవకుండానే అడిగాడు,
చివరి పేజీ ఖాళీయేనా అని.
కాదన్నాను.
ఎనిమిది పేర్లున్నాయి, పెన్సిలుతో.
మంగళవారం మళ్ళీ రావాలి.