అద్దె మిషను

మాంటెవిడియోలో, సరాందీ వీధిలో
మెట్ల కింద కొట్టు నాది.
టైపు మిషన్లు రాయడానికెవరూ కొనరిప్పుడు,
ఫొటోలకి పట్టుకెళ్తారు.

పోయిన సోమవారం నవలాకారుడు ఇతురాల్దే వచ్చాడు.
"కాస్త దెబ్బలు తిన్నది ఇవ్వు" అన్నాడు.
దుమ్ము తుడవబోతే చెయ్యి పట్టుకు ఆపాడు.
మోచేతి దగ్గర చిరిగిన కోటు,
మెడ వెనక ధర చీటీ ఇంకా వేలాడుతోంది.
నేనే కత్తిరించి పంపాను.

ఆదివారం పేపర్లో చూశాను:
రేవు గోడ మీద నా మిషను, గాలి, ఆయన దిగులు.
జనమంటే గిట్టదట,
రెండు పేజీల పొడుగునా చెప్పాడు.

మిషను తిరిగొచ్చింది, రోలరులో కాగితంతో సహా.
రిబ్బను ఎండి ఏళ్లయింది,
అక్షరాల గుంటలే తప్ప సిరా లేదు.
పెన్సిలుతో మెల్లగా రుద్దాను.

"చలేస్తోంది. ఇంకెంతసే"

అద్దె లెక్కలో ఒక గంట కొట్టేశాను.